వరహాలు కొట్లో విసుగు లోటు

మయనగరి తెరిచిన కొత్తల్లో అక్కడ మనుషులు నడవడానికి దారి ఉండేది. ఆ ముచ్చట నెల తిరక్కుండానే తీరిపోయింది.

మయనగరి అంటే బస్సెక్కి వెళ్ళే ఊరు కాదు. కళ్ళకి నల్ల డబ్బాలాంటి అద్దాలు తగిలించుకుంటే కనిపించే ఊరు. ఇంట్లో మంచం మీద కూర్చునే దాని వీధులన్నీ తిరగొచ్చు, కొట్లలోకి దూరొచ్చు, బేరాలాడొచ్చు. మన బదులు మన పోలికలతో ఒక బొమ్మ అక్కడ తిరుగుతూ ఉంటుంది. మనం తల ఊపితే అదీ ఊపుతుంది, మనం మూతి ముడిస్తే అదీ ముడుస్తుంది. కొన్న సరుకు మాత్రం నిజం సరుకే. రెండ్రోజుల్లో కొరియరువాడు తెచ్చి గుమ్మంలో పడేసి పోతాడు. ప్రభుత్వం వారు దీన్ని కట్టించి, లేని కత్తెరతో లేని రిబ్బను కత్తిరించి, ఇక మన వర్తకులకి తిరుగులేదని ప్రకటించారు.

వర్తకులు ఆ మాట నమ్మారు, పాపం. ప్రతివాడూ కొట్టు ముందు పిలుపు బొమ్మల్ని నిలబెట్టాడు. వాటికి తిండి అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు, సిగ్గు అసలే అక్కర్లేదు. "రండమ్మా రండి, చూస్తే పోయేదేముంది" అంటూ చెయ్యి పట్టుకుని లాగేవి. రానంటే పక్క వీధిదాకా వెంటపడేవి. మంచినీళ్ళ ఫిల్టర్లు అమ్మే బొమ్మ ఒకటి, మయనగరి గుళ్ళో ప్రదక్షిణం చేస్తున్న పెద్దమనిషి పక్కనే తానూ ప్రదక్షిణం చేస్తూ, తుప్పు నీళ్ళ వల్ల వచ్చే రోగాలన్నీ ఏకరువు పెట్టింది. అంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. ఒకనాటి సాయంత్రం ఓ ఉన్నతాధికారి గారి సతీమణి షికారుకొస్తే, పరుపుల కొట్టు బొమ్మలు చుట్టూ చేరి "అమ్మా, తమకి నడుం నొప్పా? కూర్చుని లేవడం కష్టంగా ఉందా?" అని నలుగురూ వినేలా పరామర్శించాయి. మర్నాడు పొద్దున్నకల్లా సమతౌల్య మండలి పుట్టింది.

మండలి అధ్యక్షులు డాక్టర్ పంచాక్షరి గారు. ఆయన జీవితంలో ఏ కొట్లోనూ బేరమాడి ఎరగరు. సంతల మీద పరిశోధన మాత్రం చేశారు. మొదటి సమావేశంలోనే ఆయన ఒక సిద్ధాంతం సెలవిచ్చారు.

"ప్రచారం, విసుగు కవల పిల్లలు. ఒకటి ఉన్నచోట రెండోది ఉండి తీరాలి. ప్రచారానికి మించి విసుగు ఉంటే అది పీడన. ప్రచారం ఉండి విసుగు లేకపోతే..." అని ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, గొంతు తగ్గించి చెప్పారు. "అది అనుమానాస్పదం."

సభ్యులందరూ బల్లలు చరిచారు. పదిహేను రోజుల్లో ప్రతి కొట్టు గుమ్మానికీ ఒక తక్కెడ వేలాడింది. ఎడం పళ్ళెంలో ప్రచారం, కుడి పళ్ళెంలో విసుగు. కేకలు, పాటలు, కరపత్రాలు, చేరిన జనం, అన్నీ ఎడం పళ్ళెంలో పడతాయి. జనం కళ్ళకి పెట్టుకున్న అద్దాలు వాళ్ళ కనుబొమలు ముడిపడటం కనిపెట్టి, ఆ ముడిని తూచి కుడి పళ్ళెంలో వేస్తాయి. రెండు పళ్ళేలూ సమంగా ఉన్న కొట్టు మంచి కొట్టు. ఏది కిందికి దిగినా ఆ కొట్టు యజమాని సంజాయిషీ ఇచ్చుకోవాలి.

అలాంటి మయనగరిలో వరహాలుకి ఒక చీరల కొట్టుంది.

అసలు కొట్టు తణుకులో మెయిన్‌రోడ్డు మీద ఉండేది. రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చినవాళ్ళు కొట్టుని వెడల్పులో కలిపేసుకుని పోయారు. చీరలు మిగిలాయి, వాటిని పెట్టుకునే చోటు మిగల్లేదు. వాటిని ఇంట్లో ముందుగది గోడవారన పేర్చుకుని, భార్య మంగతాయారూ తనూ చెరో అద్దాల డబ్బా తగిలించుకుని, చాప మీద పక్కపక్కన కూర్చుని మయనగరిలో వ్యాపారం మొదలెట్టాడు. మంగతాయారు మధ్యమధ్య డబ్బా నుదుటి మీదికి ఎత్తి పొయ్యిమీద పప్పు చూసుకుని వస్తూండేది. ఆ ఇంట్లో పప్పు ఉడకాలంటే ఆ లేని కొట్టు నడవాలి, అంతకన్నా వేరే ఆధారం లేదు.

వరహాలు వ్యాపారం పద్ధతి వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. చీర మడత విప్పి పమిట చెంగు తన భుజం మీదే వేసుకుని, అంచు కనిపించేలా నిలబడతాడు. నోరు మెదపడు. ఇంకో రంగు అంటే ఇంకో రంగు విప్పుతాడు. ఇంకా ఉన్నాయా అంటే ఉన్నాయంటాడు. బండారులంక నేత, ఉప్పాడ జరీ, వెంకటగిరి నూలు, అన్నీ వరసగా భుజమెక్కి దిగుతాయి. "తీసుకుంటారా?" అన్న మాట మాత్రం ఆయన నోటి వెంట రాదు. చీర చూసుకుంటున్న ఆడమనిషిని పలకరించడం కన్నా తెలివితక్కువ పని లోకంలో లేదని ఆయన గట్టి నమ్మకం.

ఊరంతా కేకలేస్తున్నప్పుడు నోరు మూసుకుని నిలబడినవాడి దగ్గరికి జనం రాక ఏమవుతారు? గుమ్మంలో అడుగుపెడుతూనే "హమ్మయ్య" అనేవారు. కొందరు చీరలకొచ్చేవారు, కొందరు కూర్చోవడానికే వచ్చేవారు. కూర్చోవడానికొచ్చినవాళ్ళు కూడా ఎదురుగా అన్ని చీరలు భుజమెక్కి దిగుతూంటే చూస్తూ ఊరుకోలేక, వెళ్ళేటప్పుడు ఒకటి పట్టుకుపోయేవారు. కొట్టు కళకళలాడిపోయేది. జనం బరువుకి తక్కెడ ఎడం పళ్ళెం నేలకి దిగిపోయింది, కుడి పళ్ళెం మాత్రం గుమ్మం కమ్మీకి తగిలి అక్కడే ఉండిపోయింది.

ఆషాఢం మొదట్లో తనిఖీ అధికారి గుర్నాథం వచ్చాడు. ఆయన బొమ్మ కోటు వేసుకుని, ఛాతీ మీద మండలి ముద్ర తగిలించుకుని, గుమ్మంలో నిలబడి తక్కెడని చాలాసేపు చూసింది.

"ఇక్కడ వరహాలు ఎవరు?"

"నేనేనండి. రండి, కూర్చోండి. ఏ రకం చూపించమంటారు?"

"నేను చీరలకి రాలేదు, తనిఖీకి వచ్చాను. ఈ జనసమ్మర్దానికి హేతువేమిటి?"

"చీరలండి."

"పిలుపు బొమ్మలేవి?"

"పెట్టలేదండి."

"కరపత్రాలు? రంగు దీపాలు? చక్రం తిప్పితే బహుమతి?"

"అయ్యేం లేవండి, ఆయ్."

"ఏమీ లేకుండా జనం ఎలా వస్తున్నారు?"

"ఏమీ లేవనే వస్తన్నారండి."

గుర్నాథం మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్ళ నుంచో వెతుకుతున్న దొంగ తనంతట తనే వచ్చి ఒళ్ళో కూర్చుంటే ఏ అధికారి మొహమైనా వెలుగుతుంది. "అంటే ఒప్పుకున్నట్టే. ఏమీ లేకపోవడాన్ని ప్రచారంగా వినియోగిస్తున్నారు. దీన్ని నిశ్శబ్ద ప్రచారం అనాలి. నిబంధనల్లో దీనికి పేరు లేదు గాని, శిక్ష ఉంది."

అక్కడే కూర్చుని గద్వాల అంచు చూసుకుంటున్న ఒకావిడ తలెత్తింది. "మాకేం విసుగ్గా లేదండీ. హాయిగా ఉంది."

"మీకు హాయిగా ఉండటమే కదమ్మా ఇక్కడ నేరం," అన్నాడు గుర్నాథం ఎంతో ఓర్పుగా. "ఇంత ప్రచారానికి ఇంత విసుగు రావాలని మండలి లెక్కగట్టింది. రాలేదు. అంటే ఈ కొట్లో విసుగు లోటు ఉంది. ఆషాఢం ముగిసేలోగా లోటు పూడ్చాలి. పూడ్చకపోతే శ్రావణం మొదటి రోజున కొట్టు మూసి ముద్ర వేస్తాం."

మంగతాయారు గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చేసింది. "శ్రావణంలోనా? మీకు పుణ్యముంటుంది బాబుగారూ, చీరల కొట్టుకి శ్రావణమే కదండీ పంట. ఆ నెల కొట్టు మూస్తే ఏడాదంతా మేమేం తినాలండీ?"

"ఆహార విషయాలు మా శాఖలోకి రావు."

"మరి ఈ లోటు ఎలాగ పూడ్చాలండి?" అన్నాడు వరహాలు.

"చిత్తశుద్ధితో విసిగించండి," అన్నాడు గుర్నాథం. "మీలో ఆ శక్తి లేదని ఎందుకనుకుంటున్నారు? ప్రయత్నిస్తే ఎవరైనా విసిగించగలరు."

ఆయన వెళ్ళిపోయాక మొగుడూపెళ్ళాలిద్దరూ అద్దాల డబ్బాలు తీసేసి, ముందుగదిలో చీరల దొంతర్ల మధ్య చతికిలబడ్డారు. వరహాలుకి ఏడుపొచ్చినంత పనైంది. జీవితమంతా మనిషిని విసిగించకుండా ఎలా అమ్మాలో నేర్చుకున్నవాడు, ఈ వయసులో తిరగేసి నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

"దీనికంత బెంగెందుకండీ," అంది మంగతాయారు. "నన్ను రోజూ ఎలాగ విసిగిస్తారో ఆళ్ళనీ అలాగే విసిగించండి. అద్దాలెక్కడే, తువ్వాలెక్కడే, ఉప్పెందుకు తక్కువైందే అని. మీకు చేతకాని విద్యేం కాదు."

మర్నాటి నుంచి వరహాలు సాధన మొదలుపెట్టాడు. భీమవరం నుంచి వచ్చిన ఒకావిడని "ఏ రంగు కావాలండి?" అని అడిగి, ఆవిడ చెప్పగానే మళ్ళీ "ఏ రంగన్నారండి?" అన్నాడు. మూడోసారి అడిగేసరికి ఆవిడ పకపకా నవ్వేసింది. "అచ్చం మా ఆయనలాగే ఉన్నారండీ. ఇంట్లో ఉన్నట్టే ఉంది." ఎడం పళ్ళెంలో ఇంకాస్త బరువు పడింది.

ఇంకొకావిడకి ప్రతి చీర తర్వాతా వంకాయరంగు చీర ఒకటే మళ్ళీమళ్ళీ చూపించాడు. ఏ చీర అడిగినా ముందు అదే విప్పాడు. ఆవిడ చివరికి నిట్టూర్చి, "ఇన్నిసార్లు చూశాక ఇదే నచ్చేసిందండీ, కట్టేయండి" అంది. ఇలా కాదని మూడో ఆవిడ మొహం మీదే "మీకీ రంగు నప్పదండి, నల్లగా కనపడతారు" అన్నాడు. అనేసి కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ అక్కచెల్లెళ్ళకి కబురు పెట్టింది. ఇన్నేళ్ళకి నిజం చెప్పే చీరల కొట్టువాడు ఒక్కడు దొరికాడు, వెంటనే రండి అని. సాయంత్రానికల్లా వాళ్ళ వీధి వీధంతా దిగిపోయింది.

మిగిలింది సంగీతం. వరహాలు గొంతు ఎలాంటిదో తణుకులో తెలియనివాళ్ళు లేరు. చిన్నప్పుడు భజనలో నోరు తెరిస్తే పూజారే స్వయంగా ప్రసాదం ఇచ్చి ఇంటికి పంపేసేవాడు. అలాంటివాడు గుండె దిటవు చేసుకుని, చీర భుజాన వేసుకుని, నిండు కొట్లో ఒక పద్యం ఎత్తుకున్నాడు. జనం ఒక్క క్షణం నిర్ఘాంతపోయారు. ఆ వెంటనే పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. మర్నాడు పద్యం వేళెప్పుడని అడిగి తెలుసుకుని మరీ వచ్చారు. కుడి పళ్ళెంలో చీమంత బరువు కూడా పడలేదు.

"ఇక నా వల్ల కాదే," అన్నాడు వరహాలు ఆ రోజు అన్నం ముందు కూర్చుని. "మనుషులు మరీ మంచోళ్ళైపోయారు."

ఆషాఢం చివరి వారంలో మండలి ముందు విచారణ జరిగింది. మయనగరిలో మండలికి పెద్ద భవనం ఉంది. దాని స్తంభాలు మబ్బుల్లోకి వెళతాయి. లేని స్తంభాలు కాబట్టి ఖర్చుకి వెనకాడలేదు. వరహాలుతో పాటు ఆయన పక్క కొట్టు పరుపుల పాండురంగాన్ని కూడా పిలిచారు. ఉన్నతాధికారి గారి సతీమణిని నడుం నొప్పి గురించి అడిగిన బొమ్మలు ఈయనవే. పాండురంగం కొట్టు దగ్గర కుడి పళ్ళెం నేలకి తగిలి కొంత లోపలికి దిగబడింది కూడా.

డాక్టర్ పంచాక్షరి గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఆయన కళ్ళలో ఒక గొప్ప ఆలోచన కదలడం అక్కడున్నవాళ్ళందరికీ కనిపించింది.

"ఒకచోట వరద, పక్కనే కరువు," అన్నారాయన. "ఇలాంటప్పుడు విజ్ఞులు ఏం చేస్తారు? అనుసంధానం చేస్తారు. పాండురంగం గారి మిగులు విసుగుని వరహాలు గారి లోటులోకి మళ్ళిద్దాం. విసుగు అనుసంధాన పథకం అని రాసుకోండి."

"చిత్తం," అన్నాడు గుర్నాథం. "పరుపుల కొట్టు పిలుపు బొమ్మల్ని చీరల కొట్టుకి డెప్యుటేషన్ మీద పంపిస్తాం."

"అయ్యా, ఆటికి చీరల గురించి ఏం తెల్దండి," అన్నాడు వరహాలు కంగారుగా.

"తెలియనవసరం లేదు. డెప్యుటేషన్ మీద వెళ్ళినవారి విధుల స్వభావం మార్చరాదు. అవి అక్కడ కూడా పరుపుల గురించే మాట్లాడతాయి."

అవి అలాగే మాట్లాడాయి. ఉప్పాడ చీర పమిట సర్ది చూసుకుంటున్న పెళ్ళికూతురి వెనక చేరి "అమ్మా, రాత్రిళ్ళు దొర్లుతున్నారా? నిద్ర పట్టడం లేదా?" అని అడిగాయి. పెళ్ళికూతురు తల్లి మొహం ఎర్రబడింది. ఊరికే కూర్చోవడానికొచ్చిన పెద్దావిడ చుట్టూ చేరి దూదిలో రకాలు, కొబ్బరి పీచులో రకాలు వివరించాయి. కుర్చీ వదిలి బయటపడితే వీధి చివరిదాకా వెంటపడ్డాయి. భీమవరం ఆవిడ ఒక్కర్తే రెండ్రోజులు ఓర్చుకుంది. మూడో రోజు గుమ్మం దగ్గర నుంచే చెయ్యి ఊపి, "పాపం వరహాలుగారూ" అని వెళ్ళిపోయింది.

శ్రావణం వచ్చేసరికి కొట్లో వరహాలు, మంగతాయారు, పరుపుల బొమ్మలు మిగిలారు. జనం లేరు కనక ఎడం పళ్ళెంలో ఏమీ లేదు. విసుక్కోవడానికి ఎవరూ లేరు కనక కుడి పళ్ళెంలోనూ ఏమీ లేదు. ఖాళీ పళ్ళేలు రెండూ దారం పెట్టి కొలిచినట్టు సమంగా నిలిచాయి. అటు బొమ్మలు పోయిన పాండురంగం కొట్లోకి నలుగురు ధైర్యంగా అడుగుపెడితే, ఆయనకి విసుగు లోటు వచ్చిందని నోటీసు అందింది.

శ్రావణం మొదటి రోజు ఉదయం గుర్నాథం పరుగున వచ్చి శుభవార్త చెప్పాడు. మయనగరి మొత్తంలో ఇంత కచ్చితమైన సమతౌల్యం ఇంకెక్కడా లేదు. వరహాలు కొట్టు ఆదర్శ దుకాణంగా ఎంపికైంది. అధ్యక్షుల వారు సకల సిబ్బందితో స్వయంగా విచ్చేస్తున్నారు.

విచ్చేశారు. చాలా రోజుల తర్వాత కొట్టు నిండింది, కానీ ఒక్కరూ చీర వైపు చూడలేదు. అధికారులు జనం కింద లెక్కకి రారు కనక ఎడం పళ్ళెం కదల్లేదు. డాక్టర్ పంచాక్షరి గారు తక్కెడకి పూలమాల వేసి ఉపన్యసించారు.

"చూడండి! ఇక్కడ ప్రచారం లేదు. విసుగు లేదు. ఫిర్యాదు లేదు."

"బేరం కూడా లేదండి," అన్నాడు వరహాలు.

సిబ్బంది మర్యాదగా నవ్వారు. అధ్యక్షుల వారు జ్ఞాపిక చేతిలో పెట్టి, ఈ కొట్టుని ఇలాగే కాపాడి రాబోయే తరాలకి చూపించాలని, అందుకోసం ఇందులోకి కొనేవారిని రానివ్వకపోయినా తప్పులేదని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. వరహాలు జ్ఞాపిక పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముందుగదిలో గోడవారన మడత విప్పని చీరలు ఆయన కళ్ళముందు మెదిలాయి. శ్రావణం పోతే మళ్ళీ శ్రావణం దాకా ఎలా బతకాలన్న భయం ఆయన నోరు తెరిపించింది.

"అయ్యా, ఒక్క మనవండి. ఆ పరుపుల బొమ్మల్ని ఎనక్కి తీసుకోండి. నా కొట్టుకి జనం రావాలండి."

"చూద్దాం, చూద్దాం," అన్నారు అధ్యక్షులు.

"ఎప్పుడండి?"

"పరిశీలనలో ఉంటుంది."

"శ్రావణం వెళ్ళిపోద్దండి. ఇయ్యాళే తీసెయ్యండి."

"చెప్పాను కదయ్యా."

"ఏం చెప్పారండి? తీసేస్తారా, తీసెయ్యరా?"

అధ్యక్షుల వారి కనుబొమలు ముడిపడ్డాయి. వెనకున్న సిబ్బంది కనుబొమలు, అధ్యక్షుల వారివి ఎటు పోతే అటే పోయే అలవాటు ఉన్నవి కనక, అవీ ముడిపడ్డాయి. గుమ్మం దగ్గర దబ్బుమని చప్పుడైంది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. తక్కెడ కుడి పళ్ళెం పూలమాలతో సహా నేల మీదుంది.

"ఇదేంటండీ, ఇంత బరువు?" అంది మంగతాయారు బుగ్గన వేలేసుకుని. "నెల్లాళ్ళు తంటాలు పడితే చీమంత కూడా పడలేదు."

గుర్నాథం ఇబ్బందిగా కదిలాడు. "సామాన్యుల విసుగుకీ గెజిటెడ్ అధికారుల విసుగుకీ ఒకే తూకం ఉంటే హోదాకి భంగమని, తూకం అమర్చినప్పుడు మా ఉద్యోగుల సంఘం అభ్యంతరం చెప్పింది. అందుకని మాకు... కొంచెం బరువు ఎక్కువ పెట్టారు."

మంగతాయారు తక్కెడ వైపు చూసింది, అధ్యక్షుల వారి నుదుటి వైపు చూసింది, మొగుడి వైపు తిరిగింది.

"ఏవండీ, ఇంకోసారి అడగండి."

వరహాలు అడిగాడు. తన సంగతి ఏం చేశారని అడిగాడు, ఎవరి దగ్గర ఆగిందని అడిగాడు, రేపు రమ్మంటారా అని అడిగాడు. నెల రోజులు సాధన చేసినా అబ్బని విద్య పది నిమిషాల్లో అబ్బేసింది. దానికి పద్యాలు అక్కర్లేదు, మాయలు అక్కర్లేదు. న్యాయంగా తనకి రావలసినదాన్ని మర్యాదగా రెండోసారి అడిగితే చాలు.

విసుగు మిగులు తేలింది కనక, నిబంధనల ప్రకారం డెప్యుటేషన్ మీద వచ్చిన బొమ్మలు అదనపు సిబ్బంది అయ్యాయి. అదనపు సిబ్బందిని మాతృసంస్థకి తిప్పి పంపక తప్పదు. గుర్నాథం బరువైన గుండెతో ఆ ఆదేశం చదివాడు. పాండురంగం తన బొమ్మల్ని చూసుకుని ఆనందబాష్పాలు కార్చాడు.

అప్పటి నుంచి వరహాలు దినచర్య మారింది. పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, అద్దాలు తగిలించుకుని మండలి భవనానికి వెళతాడు. అధ్యక్షుల వారి గది ముందు నిలబడి, ఆయన రాగానే నమస్కారం పెట్టి, "అయ్యా, నా అర్జీ ఏమైందండి?" అంటాడు. అర్జీ దేని గురించో ఆయనా చెప్పడు, వాళ్ళూ అడగరు. అధ్యక్షుల వారి కనుబొమలు ముడిపడగానే దండం పెట్టి వచ్చేస్తాడు. విసిగించినవాడి కొట్టు పళ్ళెంలోనే ఆ బరువు పడుతుంది. ఇక సాయంత్రం దాకా నోరు మెదపకుండా చీరలు భుజమెక్కించి దించుకుంటాడు. భీమవరం ఆవిడ చెల్లెళ్ళతో సహా తిరిగొచ్చింది. పెళ్ళికూతురు తల్లి కూడా వచ్చింది.

ఈ కిటుకు బయటపడటానికి ఎన్నాళ్ళు పడుతుంది? మర్నాడే పాండురంగం వచ్చాడు, ఫిల్టర్లవాడు వచ్చాడు, పిలుపు బొమ్మల్ని తీసేసి ఒక్కొక్కరే వరసలో చేరారు. అందరికీ చాలినంత విసుగు అధికారుల దగ్గర ఉంటుందో లేదోనని వరహాలు మొదట్లో భయపడ్డాడు. అనవసరపు భయం. ఎంతమంది తోడుకున్నా అది ఊరుతూనే ఉంది. మయనగరి వీధులు ప్రశాంతంగా మారాయి, జనం హాయిగా తిరిగారు. మండలి తన సిద్ధాంతం ఫలించిందని దేశమంతా చాటుకుంది.

సరిగ్గా వరలక్ష్మీ వ్రతం ముందు పిడుగులాంటి వార్త తెలిసింది. అధికారుల్లో చిరాకు ప్రమాదకరంగా పెరిగిపోతోందని పైవాళ్ళు గుర్తించి, అధ్యక్షుల వారితో సహా అందరినీ అరకు కొండల మీద సహన శిక్షణకి పంపించారు. ఊపిరి ఎలా పీల్చాలో, ప్రజలతో ఎలా నవ్వాలో అక్కడ నేర్పుతారట. కొట్లో ఇసకేస్తే రాలనంత జనం. ఎడం పళ్ళెం గంటగంటకీ దిగిపోతోంది. విసుక్కునే నాథుడు లేడు. వ్రతం నాటి ఉదయానికి లోటు మళ్ళీ కొట్టు మూసేసేదాకా వచ్చింది.

"ఆళ్ళకి నిజంగానే ఓర్పొచ్చేస్తే ఏంటండీ మన గతి?" అంది మంగతాయారు.

వరహాలు మండలి భవనానికి పరుగెత్తాడు. అధ్యక్షుల వారు శిక్షణ ముగించుకుని అప్పుడే వచ్చి కూర్చున్నారు. మొహం పూజ చేసిన విగ్రహంలా మెరుస్తోంది. వరహాలుని చూడగానే లేచి నిలబడ్డారు.

"రండి, రండి వరహాలు గారూ! కూర్చోండి."

పుట్టి బుద్ధెరిగాక ఏ ఆఫీసరూ వరహాలుని కూర్చోమనలేదు. అనక అనక ఇవాళే అనాలా?

"ఆయ్, నా అర్జీ సంగతండి..."

"తప్పకుండా. మీ కోసమే కదా మేమున్నది. తొందరేం లేదు, నిదానంగా చెప్పండి."

అయిపోయింది అనుకున్నాడు వరహాలు. కొట్టు పోయింది, శ్రావణం పోయింది. అయినా పెళ్ళాం అడిగిన మాట గుర్తొచ్చి, కుర్చీ అంచున కూర్చుని మొదలుపెట్టాడు. "మాది తణుకండి. మా నాన్నగారి నాటి నుంచి..."

"ఊఁ, ఊఁ," అన్నారు అధ్యక్షులు నవ్వుతూ.

"మా నాన్నగారేమో ముందు నూలు బట్టలు పెట్టారండి. తర్వాత..."

నవ్వు అలాగే ఉంది. పెదవులు కదల్లేదు, పళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ నవ్వుకి పైన, రెండు కనుబొమల మధ్య, సన్నగా ఒక గీత పడింది. పక్కన ఇంకొకటి పడింది. ఆయన కళ్ళు ఒకసారి గోడ గడియారం వైపు వెళ్ళి వచ్చాయి. "తర్వాత ఏంటయ్యా, త్వరగా చెప్పు," అన్నారు.

ముందుగదిలో చాప మీద, వరహాలు పక్కనే కూర్చుని కొట్టు చూస్తున్న మంగతాయారు చెవి పక్కనే కేక పెట్టింది. "దిగిందండీ! పళ్ళెం దిగింది! కొట్టు నిలబడింది!"

వరహాలు కుర్చీలోంచి లేచాడు. కళ్ళనీళ్ళు బొటబొటా కారుతూంటే రెండు చేతులూ జోడించాడు.

"బాబుగారూ, తమరు నూరేళ్ళూ ఇలాగే ఉండాలండి," అన్నాడు మనస్ఫూర్తిగా.